వివాదాస్పద ర్యాపర్ ఎవరన్న వాదన.. ఆఫీసులో ఇద్దరు స్నేహితులు దూరం

ప్రశ్న

న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, కంపెనీ వివరాలు వద్దన్నారు. ఆయన చెప్పిందంతా కుదించి ఇస్తున్నాను.

వయసు 31. పెళ్లయి రెండేళ్లు. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో రూమ్మేటు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చిన పాటలతో హిప్‌హాప్ పిచ్చి పట్టుకుంది. టూపాక్, ఎమినెం, కాన్యే వెస్ట్, ఎన్‌డబ్ల్యూఏ అనే లాస్ ఏంజెలెస్ బృందం.. ఈ ర్యాపర్లలో ఎవరి ఆల్బమ్ ఏ ఏడాది వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెప్తారు. అమెరికా వచ్చిన కొత్తలో ఆఫీసులో ఎవరితోనూ మాట కలిసేది కాదు. బేస్‌బాల్ తెలియదు, వాళ్లు చూసే సీరియళ్లు తెలియవు. చివరికి మాట కలిపింది ఈ పాటలే. లాస్ ఏంజెలెస్‌లో పుట్టి పెరిగిన నల్లజాతి సహోద్యోగి ఒకాయన, యాభై దాటినవారు, మా ఊరి పాటలు నీకింత తెలుసా అని ముచ్చటపడి దగ్గరయ్యారు. ఆయన, యూదు కుటుంబానికి చెందిన ఒకావిడ, ఇంకో కుర్రాడు, ఈయన. నలుగురూ రోజూ ఒకే టేబుల్ దగ్గర భోంచేసేవారు.

పోయిన నెల ఆ కుర్రాడు ఒక ప్రశ్న వదిలాడు: హిప్‌హాప్‌లో ఇప్పటిదాకా అందరికంటే వివాదాస్పద ర్యాపర్ ఎవరు? ఈయనకి పూనకం వచ్చేసింది. ఎన్‌డబ్ల్యూఏ దగ్గర మొదలుపెట్టి, పోలీసుల మీద వాళ్లు కట్టిన పాటలో రెండు లైన్లు అందుకున్నారు. అందులో ఉన్న ఎన్‌-వర్డ్‌తో సహా, అంటే నల్లవాళ్లని కించపరిచే ఆ తిట్టుతో సహా. పెద్దాయన "ఆ మాట మాత్రం వద్దు" అన్నారు. "సారీ, పాటలో ఉంది కదా" అని ఈయన ముందుకెళ్లిపోయారు. కాసేపటికి చర్చ, 2022లో యూదుల్ని బెదిరిస్తూ మాట్లాడిన కాన్యే మీదికి వచ్చింది. "2022 తర్వాత ఇంకో పేరు వెతకాల్సిన పని లేదు" అన్నారావిడ. ఈయన ఒప్పుకోలేదు. కాన్యేవి నోటి మాటలే, అవీ ఆరోగ్యం బాగాలేని మనిషి మాటలు, చేతులతో నేరాలు చేసి జైలుకెళ్లినవాళ్లని పక్కన పెట్టి ఆయన్ని ముందు నిలబెడితే ఎలా అని వాదించారు. ఎన్‌డబ్ల్యూఏలో ఒకడైన డాక్టర్ డ్రేలాంటి పెద్దమనిషికి ఈ జాబితాలో పనే లేదన్నారు. ఆవిడ ఏదో చెప్పబోతుంటే నవ్వుతూ, "నష్టపోయింది అడిడాస్ ఒక్కటే, మనుషులకెవరికీ ఏం కాలేదుగా" అనేశారు. ఆవిడ డబ్బా మూత పెట్టుకుని లేచి వెళ్లిపోయారు.

అప్పట్నుంచి ఆవిడ పని మాటలు తప్ప మాట్లాడడం లేదు. లంచ్‌కి రావడం లేదు. ఆ రోజు తన కాళ్లకి ఉన్నవి అడిడాస్ కాన్యేతో కలిసి అమ్మిన యీజీ బూట్లేనని రాత్రి గుర్తొచ్చి ఈయనకి నిద్ర పట్టలేదట. పెద్దాయన బాగానే పలకరిస్తున్నారు గానీ, పనుందంటూ తన సీటు దగ్గరే తింటున్నారు. "మనకెందుకండీ వాళ్ల గొడవలు, హెచ్‌1బి మీద ఉన్నాం, తలొంచుకుని పని చేసుకోండి, నాలుగు వారాలైతే అదే సర్దుకుంటుంది" అంటున్నారు భార్య. పిరికితనం అని ఈయన విసుక్కున్నారు. ఆ యూదు సహోద్యోగిని హెచ్‌ఆర్‌కి వెళ్లకముందే నువ్వే వెళ్లి చెప్పేసుకో అన్నాడు డల్లాస్‌లో ఉన్న స్నేహితుడు.

నేను చేసిన వాదన నిజంగా తప్పా? క్షమాపణ అడిగితే తప్పు ఒప్పుకున్నట్టు రికార్డైపోతుందా? కాన్యే పాటలు మానేయాలా? ఇంతకీ మీ లెక్కలో ఎవరు ముందు? ఇవీ ఆయన అడిగినవి.

సమాధానం

మీ ఉత్తరంలో ఆవిడ గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి. పెద్దాయన "ఆ మాట మాత్రం వద్దు" అనడం గురించి ఒకే ఒక్క వాక్యం. మళ్లీ దాని ఊసు లేదు. మీకు నిద్ర పట్టనివ్వని విషయం ఆవిడ లేచి వెళ్లిపోవడం అయ్యుండొచ్చు. కానీ ఆ టేబుల్ దగ్గర మొదట బాధపడింది ఆవిడ కాదు. లేచి వెళ్లలేదు కాబట్టి ఆయనకేం కాలేదని మీరు అనుకున్నారు. సీటు దగ్గరే భోంచేస్తున్నారంటే అయ్యుంటుందనే నా అనుమానం.

పాటలో ఉంది కదా అన్నారు. 2018 మే నెలలో అలబామాలోని గల్ఫ్ షోర్స్‌లో జరిగిన సంగీతోత్సవంలో కెండ్రిక్ లమార్ అనే నల్లజాతి ర్యాపర్ ఒక తెల్లమ్మాయిని స్టేజీ మీదికి పిలిచి తన పాట పాడమన్నాడు. ఆ అమ్మాయి ఉత్సాహంగా అందుకుని, ఆ మాట వచ్చిన చోట దాన్ని కూడా పాడేసింది. జనం గోల చేశారు. కెండ్రిక్ పాట ఆపించి, ఆ ఒక్క మాట వదిలేసి పాడమన్నాడు. రాసిందీ తనే, పిలిచి పాడమన్నదీ తనే, అయినా ఒప్పుకోలేదు. మీరు పూజించే తెల్ల ర్యాపర్ ఎమినెం సంగతి చూడండి. ఆ మాట తన నోట రాదని మొదట్నుంచీ చెప్పుకున్నవాడు. కుర్రతనంలో నల్లజాతి అమ్మాయిల్ని తిడుతూ అదే మాట వాడిన టేపొకటి 2003లో బయటికొస్తే క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. మనం తెల్లవాళ్లం కాదు, మనకి ఫర్వాలేదు అని మన కుర్రాళ్లలో చాలామంది అనుకుంటారు. మీ టేబుల్ దగ్గర ఫర్వాలేదో లేదో చెప్పాల్సిన మనిషి చెప్పేశారు.

ఇంకొకటి. ఆయనకి యాభై దాటాయన్నారు. అంటే 1992 ఏప్రిల్ 29న, రాడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ని కొట్టిన పోలీసుల్ని జ్యూరీ వదిలేసి లాస్ ఏంజెలెస్ తగలబడిన రోజున, ఆయన ఇరవై ఏళ్లు అటూ ఇటూగా ఉన్న కుర్రాడు. ఆ అల్లర్లలో అరవై మందికి పైగా పోయారు. మీరు కంఠతా పట్టిన ఆ పాట ఆయన ఊరి పోలీసుల మీద కట్టింది. అలాంటి మనిషికి ఎన్‌డబ్ల్యూఏ గురించి మీరు పాఠం చెప్పారు. ఆయన్ని అడిగుంటే ఆ మధ్యాహ్నం ఇంకోలా గడిచేది.

ఇక మీ వాదన. మాటల కంటే చేతలు పెద్ద నేరం అన్నది కొట్టిపారేసే మాట కాదు. కాకపోతే మీరు దాన్ని అందరికీ ఒకేలా వాడలేదు. చేతలే లెక్కైతే డాక్టర్ డ్రే మీ దగ్గర పెద్దమనిషి ఎలా అయ్యాడు? 1991 జనవరిలో హాలీవుడ్‌లో ఒక పార్టీలో డీ బార్న్స్ అనే టీవీ వ్యాఖ్యాత మీద చెయ్యి చేసుకున్నాడు. గోడకేసి కొట్టాడని ఆమె చెప్పింది. కోర్టులో డ్రే ఆ కేసుని సవాలు చేయలేదు. జరిమానా, ప్రొబేషన్, సమాజ సేవతో తేలిపోయింది. 2015లో ఎన్‌డబ్ల్యూఏ మీద వచ్చిన సినిమాలో ఆ సంగతే లేదు. లేదేమని అడిగినవాళ్లు అడిగాక, తను బాధపెట్టిన ఆడవాళ్లకి క్షమాపణ చెప్పాడు. ఎవరు ఎక్కువ వివాదాస్పదం అని లోకం వేసే జాబితాల్లో ఎప్పుడూ ర్యాపర్ల పేర్లే ఉంటాయి, డీ బార్న్స్ పేరు ఉండదు. నాకు ఈ ఆట మీద మొదట్నుంచీ ఉన్న చిరాకు అదే.

టూపాక్ గురించి మీరు రెండు పేరాలు రాశారు. 1992లో ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ ఆయన ఆల్బమ్‌కి ఈ సమాజంలో చోటు లేదన్నాడని రాశారు. తల్లి మీద కట్టిన పాటని 2010లో అమెరికా జాతీయ గ్రంథాలయం భద్రపరిచే రికార్డింగుల్లో చేర్చిందనీ రాశారు. రెండూ నిజమే. 1994 డిసెంబరులో లైంగిక దాడి కేసులో శిక్ష పడేలా జ్యూరీ తీర్పిచ్చింది కూడా ఆయన మీదే. మీ ఉత్తరంలో దాని గురించి ఒక్క ముక్క లేదు. మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట: ఆ చేతల కొలమానాన్ని మీరు కాన్యేని కాపాడాల్సి వచ్చినప్పుడు మాత్రమే బయటికి తీశారు.

వివాదం అన్నది ఒకే సరుకు కాదు. 1990లో ఫ్లోరిడాలో ఒక ఫెడరల్ జడ్జి టూ లైవ్ క్రూ అనే ర్యాప్ బృందం ఆల్బమ్‌ని అశ్లీలమని ప్రకటించాడు. రెండు రోజులకే ఫోర్ట్ లాడర్‌డేల్‌లో చార్లెస్ ఫ్రీమన్ అనే రికార్డుల షాపాయన దాన్ని అమ్మినందుకు అరెస్టయ్యాడు, నేరం రుజువైందన్నారు కూడా. ఒక క్లబ్బులో పాడినందుకు ఆ బృందాన్నీ పట్టుకెళ్లారు. అక్టోబరులో జ్యూరీ వాళ్లని వదిలేసింది. 1992లో పై కోర్టు అసలు తీర్పునే కొట్టేసింది. ఆడవాళ్ల గురించి వాళ్లు రాసిన రాతలు నాకు ఏనాడూ మింగుడుపడలేదు. నచ్చకపోవడం వేరు, బేడీలు వేయడం వేరు. అంతకు ఏడాది ముందు ఎన్‌డబ్ల్యూఏ రికార్డు కంపెనీకి ఎఫ్‌బీఐ అధికారి ఒకాయన ఉత్తరం రాశాడు, పోలీసుల మీద దాడుల్ని ఈ పాట ప్రోత్సహిస్తోందని. ఇవన్నీ ఒక పక్క సర్కారు, ఇంకో పక్క పాటగాళ్లు ఉన్న గొడవలు. వీటి మీద గొంతు చించుకుని వాదించుకున్నా మీ టేబుల్ దగ్గర ఎవరూ అన్నం వదిలేసి లేవరు.

కాన్యే గొడవ అలాంటిది కాదు. 2022 అక్టోబరులో ఆయన బెదిరించింది సర్కారుని కాదు, యూదుల్ని. డిసెంబరులో ఒక షోలో కూర్చుని హిట్లర్‌ని మెచ్చుకున్నాడు. మనుషులకేం కాలేదన్నారు మీరు. అడిడాస్ ఆయనతో తెగదెంపులు చేసుకుంది అక్టోబరు 25న. అంతకు మూడు రోజుల ముందు లాస్ ఏంజెలెస్‌లో 405 ఫ్రీవే మీద వంతెన కటకటాలకి కొందరు బ్యానర్ కట్టారు, యూదుల విషయంలో కాన్యే చెప్పింది కరెక్టేనని. నాజీ సెల్యూట్ కొడుతూ నిలబడ్డారు. కింద వేల కార్లు. ఇవి పిచ్చివాగుడు అని మీరనుకోవచ్చు. ఆ వంతెన ఎక్కినవాళ్లకి అది అనుమతిలా వినిపించింది. దానికి నాలుగేళ్ల ముందు, 2018 అక్టోబరు 27న, పిట్స్‌బర్గ్‌లో ప్రార్థనకి చేరిన 11 మంది యూదుల్ని ఒకడు కాల్చి చంపాడు. ఆ వార్త విన్న ఏ యూదు కుటుంబమైనా ఆ బ్యానర్‌ని ఎలా చదువుకుంటుందో ఊహించండి. మీరు నవ్వుతూ అడిడాస్ అన్నప్పుడు ఆవిడ చెప్పబోయి ఆగిపోయింది ఇదేనేమో. కాకపోవచ్చు కూడా. మీరు చెప్పనివ్వలేదు కాబట్టి మనకి తెలియదు.

2005లో కత్రినా తుఫాను బాధితుల కోసం పెట్టిన లైవ్ కార్యక్రమంలో, జార్జి బుష్‌కి నల్లవాళ్లంటే పట్టదు అని కాన్యే అనేశాడు. ఆ ఒక్క మాటతో మీకు దేవుడైపోయాడని రాశారు. ఆ మాటకి అంత బలం ఉందని నమ్మినవాళ్లు, 2022కి వచ్చేసరికి ఉత్తి మాటలేగా అంటే చెల్లదండీ. జబ్బు సంగతి నేను తేలిగ్గా తీసుకోను. తనకి బైపోలార్ అనే మానసిక జబ్బు ఉందని ఆయనే 2018లో ఆల్బమ్ అట్ట మీద రాసుకున్నాడు. ఆయన మీద జాలిపడటానికి అది చాలు. దెబ్బ తగిలినవాళ్లని నోరు మూసుకోమనడానికి చాలదు. ఆ జబ్బుతోనే మర్యాదగా బతుకుతున్న లక్షల మందిని కూడా ఆ మాటతో అవమానించినవాళ్లం అవుతాం.

సంక్రాంతికి మా హీరో కలెక్షన్లు ఎక్కువంటే మా హీరోవి ఎక్కువని కొట్టుకునే అభిమానుల్లాగా ఆ రోజు మీరు స్కోరు వేస్తున్నారు. ఆవిడ ఆ ఆటలోనే లేరు. గొడవంతా అక్కడుంది. అంతేగానీ మీరు యూదులంటే ద్వేషం ఉన్న మనిషని మీ ఉత్తరం చదివిన ఎవరూ అనుకోరు. ఆవిడకి ఆ ఉత్తరం అందలేదు, అంతే.

ఇప్పుడేం చేయొచ్చో చూద్దాం. మీ ఇంటావిడ సలహా దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే దాన్ని మీరు పిరికితనం అన్నారు. హెచ్‌1బి మీద ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి 60 రోజులు. ఆ లెక్క మనసులో పెట్టుకుని ఆవిడ మాట్లాడుతున్నారు, అది పిరికితనం కాదు. పైగా ఆవిడ అన్నట్టే ఊరుకుంటే, కాగితం మీద ఏమీ జరక్కపోవడానికే అవకాశం ఎక్కువ. పని నడిచిపోతుంది. పోయేది ఆ టేబుల్. అమెరికాలో మీకు మొదట దొరికిన స్నేహాలు అక్కడివేనని మీరే రాశారు. వారాలు గడిచేకొద్దీ, మీరు ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారని ఆ సహోద్యోగిని తీర్మానించుకుంటారు. ఆర్నెల్ల తర్వాత మీరు సారీ చెప్పినా, అప్రైజల్ దగ్గరికొచ్చింది కాబట్టి చెబుతున్నాడు అనిపిస్తుంది. అది భరించగలను అనుకుంటే ఊరుకోండి. అదీ ఒక దారే.

డల్లాస్ స్నేహితుడి సలహా నాకు నచ్చలేదు. ఎవరూ ఫిర్యాదు చేయకుండానే మీరు హెచ్‌ఆర్ తలుపు తడితే, లంచ్ దగ్గరి మాట ఫైలెక్కుతుంది. ఆవిడని పిలుస్తారు, ఏం జరిగిందని అడుగుతారు, ఆవిడ కోరుకోని విచారణ ఆవిడ నెత్తిన పడుతుంది. అప్పుడు పెద్దాయన్నీ సాక్ష్యం అడుగుతారు. పిలుపు అటునుంచి వస్తే మాత్రం ఏదీ దాచకుండా అన్నది అన్నట్టు చెప్పండి. ఆ తర్వాత ఆవిడకి విడిగా మెసేజులు పెట్టకండి. వీసా దాకా వస్తుందని అనిపిస్తే లాయరుతో ఒక్కసారి మాట్లాడుకోవడం ఖర్చయినా మంచిదే.

మిగిలింది వెళ్లి మాట్లాడటం. నేనైతే ఇటే మొగ్గుతాను. రికార్డవుతుందా అని అడిగారు. నోటితో చెప్పినదాన్నైనా రేపు ఎవరైనా ఎత్తిచూపొచ్చు, కాదనను. కానీ ఆ మాట మీరు ముగ్గురి ముందు అన్నారు. అది ఎలాగూ ఉంది. దాని పక్కన సారీ కూడా ఉంటే మీకు నష్టమేం లేదనిపిస్తోంది. రెండు నిమిషాలు దొరుకుతాయా అని అడగండి. "ఆ రోజు మనుషులకేం కాలేదన్నాను. అది తప్పు. మీరు చెప్పబోతుంటే విననూ లేదు. సారీ." అక్కడ ఆపేయండి. నా ఉద్దేశం అది కాదు అనొద్దు. జబ్బు ప్రస్తావన వద్దు. ఈ జవాబు చదివి 405 బ్యానర్ గురించి తెలుసుకున్నానని ఆవిడకే చెప్పబోకండి, ఆవిడకి మీకంటే ముందే తెలుసు. ఎదురుపడటం ఆవిడకి ఇష్టం లేదనిపిస్తే ఇవే మాటలు మెయిల్‌లో రాయొచ్చు. జవాబివ్వకుండా ఉండే వెసులుబాటు ఆవిడకి దొరుకుతుంది, మీ మాట రాతపూర్వకంగా ఉండిపోతుంది. రెండూ తూచుకోండి. సరే అని తలూపి, అయినా లంచ్‌కి రాకపోవచ్చు. అది ఆవిడ ఇష్టం.

పెద్దాయనతో విడిగా మాట్లాడండి, వీలైతే ముందు ఆయనతోనే. "మీరు వద్దన్నా పట్టించుకోకుండా వెళ్లిపోయాను" అంటే చాలు, ఆయనకి అర్థమవుతుంది. ఆవిడ దగ్గరికి మాత్రం ఆయన్ని రాయబారం పంపకండి. ఏ పని మీద వెళ్లినా మీ ఇంటావిడకి ముందే చెప్పి వెళ్లండి. ఆ 60 రోజుల లెక్క ఆవిడది కూడా.

పాటలు మానాలా అంటే, ఆ గీత ఎక్కడ గీయాలో పాటలు వినిపించే స్పాటిఫై అంతటి కంపెనీకే తేలలేదు. 2018 మేలో లైంగిక ఆరోపణలున్న గాయకుడు ఆర్ కెల్లీనీ, గర్భిణి అయిన స్నేహితురాల్ని కొట్టాడన్న కేసులో ఉన్న ర్యాపర్ ఎక్స్‌ఎక్స్‌ఎక్స్‌టెంటాసియన్‌నీ తన ప్లేలిస్టుల్లోంచి తీసేసి, నెల తిరక్కుండానే వెనక్కి తగ్గింది. ఇంట్లో మీరేం వింటారో అది మీ సొంత వ్యవహారం. కొందరు పాత ఆల్బమ్‌లు ఉంచుకుని కొత్తవి మానేశారు, కొందరు మొత్తానికే దండం పెట్టేశారు, ఇంకొందరు ఏమీ మార్చలేదు. మీకు వినబుద్ధి కాకపోతే మానండి. ఆవిడ కోసమని మానకండి, మానేశానని ఆవిడకి చెప్పకండి. బూట్ల సంగతి వేరు. అవి మీ చెవుల్లో ఉండవు, పదిమంది కళ్ల ముందు నడుస్తాయి. ఆఫీసుకి వేసుకెళ్లడం ఆపేయండి. తగలబెట్టక్కర్లేదు. అడిడాసే మిగిలిపోయిన సరుకుని 2023లో అమ్మి, వచ్చినదాంట్లో కొంత ద్వేషానికి వ్యతిరేకంగా పనిచేసే సంస్థలకి ఇచ్చింది.

నా లెక్కలో ఎవరు ముందు అన్నారు కదా. సర్కారుకి కంటగింపు అయినవాళ్లలో ఎన్‌డబ్ల్యూఏ కంటే టూ లైవ్ క్రూనే ముందు పెడతాను. వాళ్లకి వచ్చింది ఉత్తరం, వీళ్లకి పడ్డవి బేడీలు. తన అభిమానుల్నే తలదించుకునేలా చేసినవాళ్లలో కాన్యేకి పోటీ లేదు. డ్రేని జనం పెట్టేదానికంటే చాలా పైన పెడతాను. ఎమినెం మాత్రం నా మొదటి ఐదుగురిలో లేడు. 2001 గ్రామీల వేళ స్వలింగ సంపర్కుల హక్కుల సంఘాలు బయట నిరసన తెలుపుతుంటే లోపల ఎల్టన్ జాన్ ఆయన పక్కన కూర్చుని పియానో వాయించాడు. ఆ గొడవ అక్కడితో సగం చల్లారింది. ఈ చివరి మాటకి మీకు ఒళ్లు మండుతుందని తెలుసు. ఆ ఇద్దరితో మాట్లాడాక తీరిగ్గా నన్ను తిడుతూ రాయండి.